ఏడుపక్క

ఆమె పోయిందన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. జెద్దాలో ఇళ్ళల్లో పనిచేసే తెలుగు ఆడవాళ్ళకి ఒక గ్రూపుంది. అందులో రాజోలు ఆవిడొకరు వాయిస్ మెసేజ్ పెట్టింది. "మన ఏడుపక్క పోయిందంట. అమలాపురం ఆసుపత్రిలో. కిడ్నీలు పాడైపోయినాయంట." వెనకాల పిల్లాడెవరో అరబ్బీలో పేచీ పెడుతున్నాడు. నేనప్పుడు సూపర్‌మార్కెట్‌లో పెరుగు డబ్బాల ముందు నిలబడి ఉన్నాను. ఇంకోసారి విన్నాను. ఫోను సంచిలో వేసుకుని, డబ్బా మీద తేదీ చూసుకుని, బిల్లు కట్టి బయటికొచ్చాను. ఎండ మండిపోతోంది. టాక్సీలో కూర్చున్నాక కూడా ఏమీ అనిపించలేదు. అలా ఏమీ అనిపించకపోవడం నాకు కొత్త కాదు.

ఆమె పేరు రాయను. ఇక్కడ చాలామందికి ఆ పేరు తెలీదు కూడా. ఎదురుగానే ఏడుపక్కా అని పిలిచేవాళ్ళు. "ఆయ్" అని పలికేది. ఆ పేరు తనకి ఎవరో ఇచ్చిన ఉద్యోగం లాంటిదన్నట్టు ఉండేది ఆ పలకడం.

నేను నర్సుని. మాది రాయచోటి వైపు. జెద్దాలో ఒక ఆసుపత్రి తరఫున ఇళ్ళకి వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళకి పుళ్ళు కడిగి కట్లు కట్టడం, గొట్టాలు మార్చడం నా పని. సముద్రానికి దగ్గర్లో ఒక పాత విల్లాకి వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. అక్కడ పక్షవాతం వచ్చిన ముసలావిడ ఉండేది. ఇంట్లో పనివాళ్ళందరూ ఆవిణ్ణి మామా కబీరా అనేవాళ్ళు. అంటే పెద్దమ్మగారని. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేది. మాట పూర్తిగా పడిపోయింది.

మొదటిసారి వెళ్ళిన రోజు, ఆ గది తలుపు తియ్యగానే ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని పాడుతోంది. కిటికీ దగ్గర చిన్న స్పీకరు. దాని ముందు నేల మీద కాళ్ళు చాపుకుని ఒకామె కూర్చుని మొలోఖియా అనే ఆకుకూర దూస్తోంది. దూస్తూ ఏడుస్తోంది. మామూలు ఏడుపు కాదు, ముక్కు కారిపోతోంది, చెంపల మీంచి నీళ్ళు ఆకు మీద పడుతున్నాయి. మధ్యలో "అయ్యో తల్లీ, అయ్యో తల్లీ" అంటోంది. తెలుగు మనిషని అప్పుడే తెలిసింది. ఇలాంటి ఇళ్ళల్లో ఏం జరుగుతాయో విని ఉన్నాను.

"ఏమైందక్కా? ఎవరన్నా కొట్టినారా?" అన్నాను మెల్లగా.

ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఉండమ్మా. పైకెక్కుతుంది."

స్పీకర్‌లో గొంతు పైకెక్కింది. ఇంకా పైకెక్కింది. అక్కడే వణుకుతూ నిలబడి, ఒక్కసారిగా తెగిపోయింది. తర్వాత వాయిద్యాలు దడదడలాడి ఆగిపోయాయి.

"చచ్చిపోయింది. మిస్కీనా," అని ఆమె తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది. అయ్యో పాపం అని అనాల్సిన చోటల్లా ఆమె ఆ అరబ్బీ మాటే వాడేది. "ఇంకాసేపు ఓర్చుకునుంటే మొగుడొచ్చేసేవోడు. తొందరపడి విషం తాగేసింది."

"ఎవురి మొగుడు?"

"దాని మొగుడేనమ్మా," అని స్పీకర్ వైపు గడ్డం చూపించి, ఆకు పళ్ళెం ఎత్తుకుని లేచింది. మంచం మీద మామా కబీరా కళ్ళ కొసల్లోంచి కూడా నీళ్ళు కారి దిండులోకి ఇంకుతున్నాయి. ఏడుపక్క వంగి, ఆవిడ కళ్ళు కూడా అదే తలగుడ్డతో తుడిచింది. "ఖలాస్ మామా. అయిపోయింది. ఇంక బువ్వ తిందాం."

ఆ పాటల సంగతి తర్వాత తెలిసింది. మామా కబీరా భర్త రేవులో పెద్ద వ్యాపారి. పడుచుదనంలో భార్యని ఇటలీ తీసుకెళ్ళేవాడు. అక్కడ సాయంత్రాలు ఒపేరాకి వెళ్ళేవాళ్ళు. కథంతా పాటల్లోనే నడుస్తుందట. మాట్లాడుకోవడం కూడా పాడుతూనే. ఆవిడ మంచాన పడ్డాక, కొడుకు ఆవిడ దాచుకున్న పాత రికార్డులన్నీ ఒక స్పీకర్‌లోకి ఎక్కించి పెట్టాడు. ఆయన వినేవాడు కాదు. ఇంట్లో ఎవరూ వినేవాళ్ళు కాదు. వినేది ఇద్దరే. ఒకరికి ఆ భాష వచ్చు, మాట లేదు. ఇంకొకరికి మాట ఉంది, ఆ భాషలో ఒక్క ముక్క రాదు.

మధ్యాహ్నం వంట పని ముగిశాక ఏడుపక్క ఆ గదిలోకి వచ్చి కూర్చునేది. చేతిలో ఏదో ఒక పని ఉండేది, ఆకు దూయడమో బట్టలు మడతపెట్టడమో. పొట్టి మనిషి. అరచేతులు వెడల్పు. ముంజేతుల మీద పొయ్యి సెగకి కాలిన మచ్చలు. చెవులకి కమ్మల్లేవు, వేపపుల్లలు పెట్టుకునేది. జెద్దా రోడ్ల పక్కన వేపచెట్లకేం కొదవలేదు. ఏ పాట పెట్టాలో మామా కబీరా ఎడమ చెయ్యే చెప్పేది. స్పీకర్ నొక్కుతూ పోతుంటే, కావలసింది రాగానే ఆవిడ వేళ్ళతో మంచం మీద ఒకసారి కొట్టేది. ఎప్పుడూ చచ్చిపోయే పాటలే కొట్టేది.

"ఈవిడికి పెళ్ళి పాటలొద్దమ్మా," అని ఏడుపక్క నాతో అంది. "మొదట్లో నేనే పెట్టేదాన్ని, బావున్నాయి కదాని. చెయ్యి ఇలా ఇదిలించేసేది. చావు పాట పెడితే నెమ్మదిత్తాది."

"వినలేకపోతాండానక్కా. అరిచినట్టు ఉంది."

"అరుపేనమ్మా. అరవకపోతే ఎలా వినపడద్ది?"

నేను ఇళ్ళకి రాకముందు ఐసీయూలో చేసేదాన్ని. చచ్చిపోయేవాళ్ళని చూశాను. "చచ్చిపోయేవాళ్ళు అంతసేపు పాడరక్కా. నోట్లో గొట్టం ఉంటాది," అన్నాను.

ఆమె నా మొహం కేసి చూసింది. మడతపెట్టిన తువ్వాలు మళ్ళీ విప్పి మడతపెట్టింది.

శుక్రవారాలు ఆ ఇంటి డ్రైవరు ఆమెని బలద్‌లో దింపేవాడు. అక్కడ పాత బజారులో ఒక బట్టల కొట్టు పైన, మేమంతా ఆపా అని పిలిచే కడప ఆవిడ కాపురం ఉండేది. ఆపా భర్తదే కింద కొట్టు. సెలవు దొరికిన తెలుగు ఆడవాళ్ళు ఆ గదికి చేరేవాళ్ళు. దొరకనివాళ్ళే ఎక్కువ. ఆపా బగారా అన్నం, దాల్చా చేసి పెట్టేది. తిని, గోడలకి ఆనుకుని కూర్చున్నాక ఎవరో ఒకరు, "అక్కా, ఈ వారం ఎవురు పోయినారు?" అని అడిగేవాళ్ళు. ఏడుపక్క గొంతు సవరించుకునేది.

విన్న పాటలకి కథలు ఆమే అల్లుకునేది. గొంతు ఎక్కడ తగ్గింది, ఎక్కడ మగవాడు అడ్డొచ్చాడు, ఎక్కడ జనం గోలగా పాడారు, అంతా పట్టుకుని దాన్నిబట్టి చెప్పేది. ఒకసారి విషం తాగిన ఆవిడ కథ చెబుతూ, "ఇది ఇళ్ళల్లో పనిచేసుకునే పిల్ల," అంది.

"ఎట్ల తెలుసక్కా నీకు?" అని ఆపా అడిగింది.

"ఆ గొంతు చూడండి. నలుగురూ ఉన్నచోట అంత పైకెత్తి పిలవాలంటే పెద్దింటి ఆడపిల్లకి సిగ్గేత్తది. దీనికి అదేం లేదు. పోతే పోనీ అని పిలిచేత్తంది."

కథ ముగిసేసరికి గదిలో ఎవరూ మామూలుగా ఉండేవాళ్ళు కాదు. ఏడేళ్ళు ఊరికి పోనివాళ్ళు, కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు ఇవ్వక ఆగిపోయినవాళ్ళు, తమ సంగతి నవ్వుతూనే చెప్పేవాళ్ళు. అదే ముక్కూ మొహం తెలియని దేశపు పిల్ల కోసం కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ళు. తర్వాత మొహాలు కడుక్కుని టీ తాగేవాళ్ళు. వానపడి వెలిసినట్టుండేది. నాకొక్కదానికే ఏమీ అయ్యేది కాదు. నేను గిన్నెలు సర్దేదాన్ని.

ఒకరోజు మామా కబీరా మనవరాలు గదిలోకి వస్తే, ఆ విషం తాగే పాట కథేమిటని ఇంగ్లీషులో అడిగాను. ఆ పిల్ల చెప్పింది. ఆమె పనిమనిషి కాదట, రాణి. శత్రురాజుని పెళ్ళాడింది. తండ్రికీ భర్తకీ యుద్ధం వచ్చింది. ఎవరు గెలిచినా తనకి చావే అని తెలిసి, యుద్ధం ముగియకముందే విషం తాగుతుంది. మొగుడు రావడం ఆలస్యం కావడమన్నది అందులో లేనే లేదు.

ఆ పిల్ల వెళ్ళాక ఏడుపక్కకి ఇదంతా చెప్పాను. ఉల్లిపాయ తరుగుతూ వింది.

"రాణంటావా?"

"అవునక్కా."

"సివరికి చచ్చిపోద్దా, లేదా?"

"చచ్చిపోతాది."

"మరింకేంటి," అని ఉల్లిపాయ తరగడం కానిచ్చింది. మంచం మీద మామా కబీరా నోరు ఒక పక్కకి లాగింది. ఆవిడ నవ్వు అలాగే ఉండేది.

నా భర్త జెద్దాకి చాలా దూరంలో ఉన్న ఉనైజాలో పనిచేసేవాడు. ఖర్జూరాలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో మెకానిక్. ఇద్దరం ఒకే దేశంలో ఉన్నామన్న మాటేగానీ, సెలవులు కలిస్తేనే చూసుకునేవాళ్ళం. ఆ ఏడు ఈద్ సెలవులకి తనే జెద్దా వస్తానన్నాడు. పికప్ బండిలో ఒక్కడే బయలుదేరాడు. పొద్దున ఫోన్ చేసి, "ముందు సీట్లో సుక్కరీ ఖర్జూరం పెట్టెలు పెట్టుకున్నా, మెత్తబడతాయేమో చూడాల," అన్నాడు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. మధ్యలో ఇసుక గాలి లేచింది. బండి రోడ్డు దిగి బోల్తా పడింది. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలీదు. పోలీసులు చూసేసరికి ప్రాణం లేదు.

కాగితాలు తెమలడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేను డ్యూటీ చేశాను. శవంతో పాటు ఊరికి వెళ్ళాను. పెట్టె దించినప్పుడు మా అత్త నేల మీద పడి దొర్లింది. ఆడబిడ్డలు నన్ను పట్టుకుని ఊపారు. నాకు కన్నీళ్ళు రాలేదు. ఎవరో అనడం వినిపించింది, "సూడు, రాయి మాదిరి కూర్చోనుంది. గల్ఫులో ఉంటే ఇంతే." నేను కావాలని బిగబట్టుకోలేదు. లోపల వెతికాను కూడా. ఏమీ దొరకలేదు. సెలవు అయిపోగానే తిరిగొచ్చేశాను.

తిరిగొచ్చాక మొదటిసారి ఆ విల్లాకి వెళ్ళిన రోజు స్పీకర్లో పాట నడుస్తోంది. నన్ను చూడగానే ఏడుపక్క లేచి పాట ఆపేసింది. కబురు గ్రూపులో ముందే విని ఉంది. నా చేతిలో సంచి అందుకుంది. మామా కబీరా ఎడమ చేత్తో మంచాన్ని దబదబా కొట్టింది, ఎందుకాపావని. ఏడుపక్క ఆవిడ చెవి దగ్గర వంగి, తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. ఈ సిస్టరు మొగుడు చచ్చిపోయాడు, రోడ్డు మీద, ఒక్కడే, అని.

ఆవిడ నా వైపు కళ్ళు తిప్పింది. చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యెత్తి స్పీకర్‌ని చూపించింది.

"పెట్టమంటుంది. పెట్టనా?" అని ఏడుపక్క నన్నడిగింది.

"పెట్టుకోండి. నా పని నేను చేసుకుంటా."

పాట పెట్టింది. నేను మామా కబీరాని పక్కకి తిప్పి, నడుము దగ్గర పుండు కడగడం మొదలుపెట్టాను. పుండు కాస్త మానుముఖం పట్టింది, అంచులు ఎర్రగా ఉన్నాయి. పాటలో ఎవరో చనిపోవడానికి చాలా టైమ్ తీసుకుంటున్నారు. నా చేతుల కింద ఆ ముసలి ఒళ్ళు వెక్కిళ్ళతో కదిలింది. అటుపక్క ఏడుపక్క ఎప్పటిలాగే ఏడుస్తోంది. నేను గాజుగుడ్డ కత్తిరించి, ప్లాస్టర్ వేశాను.

"నాకు రాదక్కా," అన్నాను. ఎవరూ అడగలేదు. అయినా అన్నాను.

"రాకపోతే పోనీలే అమ్మా," అందామె ముక్కు చీదుకుంటూ. "నీ వంతు మేం ఏడుత్తన్నాంగా."

తర్వాత కొన్నాళ్ళకి ఒక శుక్రవారం బలద్‌లో అందరం కలిశాం. అన్నాలయ్యాయి. ఎవరో కథ అడిగారు. ఏడుపక్క గోడకి జారబడి మొదలుపెట్టింది. ఈసారి సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో ఒక పిల్ల ఉందట. రోగులకి సేవ చేసే పిల్ల. మొగుడు దూరాన, ఖర్జూరం తోటల ఊళ్ళో ఉన్నాడట. పండక్కి వస్తున్నాడట, బండిలో, ముందు సీట్లో ఖర్జూరం పెట్టెలు పెట్టుకుని.

ఆపా నా వైపు చూసింది. ఖర్జూరం పెట్టెల సంగతి నేను చెప్పింది ఆపాకే. నేను గిన్నెలు తియ్యడానికి లేచినదాన్ని అక్కడే ఆగిపోయాను.

ఏడుపక్క ఆగలేదు. "ఇసక గాలి లేచింది. కళ్ళు కనపడతాలేదు. బండి పక్కకెళ్ళి తిరగబడిపోయింది. ఆడు ఎలాగో బయటికొచ్చాడు. రోడ్డు వారనే కూకున్నాడు. నెత్తురు కారతంది. అలాగే కూకుని పాట ఎత్తుకున్నాడు. ముందు చిన్నగా. అమ్మని పిలిచాడు. ఊళ్ళో మేకల్ని పేరు పేరునా పిలిచాడు. వెనకాల లారీ వచ్చింది. ఆగింది. ఇంకోటి వచ్చింది. ఆగింది. పఠాన్లు దిగారు, బెంగాలోళ్ళు దిగారు, ఎమనోళ్ళు దిగారు. ఎవరికీ ఆడి భాష రాదు. అయినా ఎవరూ కదల్లేదు. హారను కొట్టలేదు. ఆ పిల్ల పేరొచ్చే కాడికి గొంతు పైకెక్కింది..."

"ఆపక్కా!" అన్నాను. నా చేతిలో గిన్నె కింద పెట్టాను. "నా మొగుణ్ణి నీ పాటల్లోకి లాగొద్దు."

గదిలో ఏడుస్తున్నవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. నేను చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాను. ఆమె నా వెనకే దిగి, కొట్టు పక్క సందులో నన్ను పట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోలేదు.

"నేను ఎవరి పేరూ చెప్పలేదమ్మా."

"చెప్పకపోతే? అందరికీ తెలీదా? అట్ల జరగలేదక్కా. ఎవురూ ఆగలేదు. ఆయప్ప పాడలేదు. ఒక్కడే పడి ఉన్న్యాడు."

"తెలుసమ్మా."

"తెలిసి ఎందుకు చెప్తాండావు?"

ఆమె గోడకి ఆనుకుంది. సందులో మధ్యాహ్నపు ఎండ మా కాళ్ళ దాకా వచ్చి ఉంది. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతులో ఏ మార్పూ లేదు, బజారులో కూరగాయల సంగతి చెబుతున్నట్టే ఉంది.

"నేనొచ్చిన రెండో ఏడు మా పెద్ద పిల్లకి జొరం వచ్చిందన్నారు. అప్పుడు వేరే ఇల్లు. ఆళ్ళు ఫోను వారానికోసారి ఇచ్చేవోళ్ళు. వారం తిరిగాక ఫోను చేత్తే, పిల్లని పూడ్చేశాం అన్నారు. నేను ఆళ్ళని అడిగానమ్మా, ఆకరికి ఏమందీ అని. ఏమీ అన్లేదు, తెల్లారేసరికి పోయింది అన్నారు. అంతే. ఇంక ఫోను తీసేసుకున్నారు. నేను ఇస్త్రీ చేసుకుంటా ఉండిపోయాను. మనోళ్ళు అలాగే పోతారమ్మా. ఒక్క మాట లేకుండా. ఆ పాటల్లో చూడు. పోయే మడిసికి టయిమిత్తారు. ఆడు చెప్పాలనుకున్నదంతా చెప్పేదాకా ఎంత పెద్ద రాజైనా నోరు మూసుకుని నుంచోవాలి. చెప్పడం అయిపోయాకే పోతాడు. నాకు అదే బాగుంటాది. అందుకే ఆళ్ళ కోసం ఏడుపొత్తాది. మా పిల్ల కోసం రాదు. అక్కడ ఏం జరిగిందని ఏడవను?"

ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, భుజం తట్టలేదు. కాళ్ళు కాలుతున్నాయని ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టుకుని నిలబడింది.

"కోపం వత్తే చెప్పనులే," అంది.

"చెప్పొద్దు," అన్నాను.

మళ్ళీ చెప్పలేదు. ఆ కథ అక్కడే ఆగిపోయింది. కానీ నాకు మాత్రం ఆగలేదు. పని మీద ఊరి బయట రోడ్డెక్కినప్పుడు, ఎదురుగా లారీలు వరసగా కనిపిస్తే, అవన్నీ ఆగుతున్నట్టు, డ్రైవర్లు తలుపులు తీసుకుని దిగుతున్నట్టు అనిపిస్తుంది. అది అబద్ధమని నాకు తెలుసు. పోలీసు కాగితంలో ఏం రాసి ఉందో కూడా తెలుసు. అయినా మా ఆయన్ని తలుచుకుంటే ఇప్పుడు ఆ కాగితం కంటే ముందు లారీలే వస్తాయి. ఆమె చేసిన పని మంచిదో చెడ్డదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ తర్వాతి చలికాలంలో మామా కబీరా పోయింది. న్యుమోనియా. మాటలేని మనిషి మాటలేకుండానే పోయింది. నేను వెళ్ళేసరికి ఇల్లంతా ఆడవాళ్ళతో నిండి ఉంది. వంటింట్లో ఏడుపక్క వాళ్ళ గహ్వా కాఫీ కాస్తోంది, కప్పులు కడుగుతోంది, ఖర్జూరం పళ్ళేలు నింపుతోంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆ ఇంటి కోడలు నాతో నెమ్మదిగా, "రోజూ ఏడ్చే మనిషి ఇవాళ ఒక్క చుక్క కూడా కార్చలేదు, చూశావా?" అంది. నొచ్చుకున్నట్టే ఉంది.

నేను వంటింట్లోకి వెళ్ళి, "ఏమక్కా?" అన్నాను.

"నిజంగా పోయినప్పుడు పనుంటాది కదమ్మా," అంది కప్పులు తుడుస్తూ.

నెల తిరక్కుండానే ఆమెకి ఖురూజ్ నిహాయీ వేశారు. అంటే ఇక మళ్ళీ రాకుండా పంపించెయ్యడం. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చూసుకోవలసిన మనిషి లేనప్పుడు చూసుకునే మనిషి ఎందుకని అనుకున్నారు, అంతే. వెళ్ళే ముందురోజు నేను వెళ్ళాను. పెట్టె సర్దుకుంటోంది. నీవియా డబ్బాలు, పాల పొడి, మనవడికి బూట్లు.

"పాటలన్నీ నీ ఫోన్‌లో ఎక్కించి ఇస్తా అక్కా. ఎంతోసేపు పట్టదు," అన్నాను.

"వద్దమ్మా. ఊళ్ళో పెడితే నవ్వుతారు. దెయ్యం పట్టిందంటారు."

"మళ్ళా ఎట్ల వింటావు?"

"ఇంక వినను." పెట్టె మూత మీద కూర్చుని జిప్పు లాగింది. అది సగంలో పట్టేసింది. ఇద్దరం కలిసి లాగాం. నన్ను సాగనంపడానికి లేచి నిలబడి, "బువ్వ సరిగ్గా తినమ్మా," అంది. అదే మేం చూసుకున్న ఆఖరిసారి. తర్వాత అడపాదడపా ఫోన్లో మాట్లాడుకున్నాం. ఒంటి సంగతి అడిగితే దాటేసేది. కాళ్ళు వాస్తున్నాయని ఒకసారి అంది. పరీక్ష చేయించుకో అక్కా అంటే, ఆయ్ అంది.

కబురు విన్న మర్నాడు ఆమె నంబరుకే ఫోన్ చేశాను. చిన్న కూతురు ఎత్తింది. నేనెవరో చెప్పాను.

"మీ గురించి చెప్పేదండి అమ్మ. సిస్టరు గారు అనేది," అంది. గొంతు బొంగురుగా ఉంది.

"ఆఖరికి ఏమన్నా మాట్లాడిందామ్మా?" అని అడిగాను. అడిగాక గానీ ఏం అడిగానో తెలియలేదు.

"ఏం లేదండి. డయాలసిస్‌కి తీసుకెళ్ళాం. మజ్జిగ కావాలంది. నేను తెచ్చేలోపు అయిపోయింది. సిస్టరు గారూ, ఒకటడుగుతాను, ఏం అనుకోకండి. ఆ గ్రూపులో అందరూ అమ్మని ఏడుపక్క అంటున్నారు. ఎందుకండీ? మా అమ్మ ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. గల్ఫు నుంచి వచ్చినప్పుడు మా అక్కని పెట్టిన చోటుకి తీసుకెళ్ళాను. ఊరికే నుంచుని, చుట్టూ గడ్డి పీకించండి అని వచ్చేసింది. నాకు చాలా రోజులు కోపం ఉండిపోయింది. అక్కడ ఏడ్చేదా అండీ?"

"రోజూ ఏడ్చేదమ్మా."

"ఎవరి కోసం?"

చెప్పాను. మామా కబీరా గురించి, స్పీకర్ గురించి, విషం తాగిన ఆవిడ గురించి, బలద్‌లో మేడ మీద గది గురించి. ఆ పిల్ల ఊఁ కూడా కొట్టకుండా వింది. ఫోన్ కట్టయిందేమోనని నేను రెండుమూడుసార్లు ఆగి చూసుకున్నాను. అంతా అయ్యాక ఆ పిల్ల అడిగింది.

"అయితే మా అక్క కోసం కాదాండీ?"

అవునమ్మా, మీ అక్క కోసమే అని చెప్పొచ్చు. చెబితే ఆ పిల్లకి బాగుండేది. సందులో నాతో ఆమె అన్న మాట నాకు గుర్తుంది. అది కూడా చెప్పలేకపోయాను.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

"సరేనండి." చీదిన చప్పుడు వినిపించింది. "ఆ పాట మీ దగ్గర ఉంటే పంపిత్తారా?"

వెతికాను. రాణి విషం తాగే పాట యూట్యూబ్‌లో చాలామంది పాడారు. మామా కబీరా గదిలో నడిచింది ఏదో నాకు గుర్తుపట్టడం చేతకాలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి పంపించాను. వెంటనే నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. నేను నా డ్యూటీల్లో పడిపోయాను.

నాలుగు రోజుల తర్వాత, ఒక ఇంట్లో కట్టు కట్టి బయటికొచ్చి బండి కోసం నీడన నిలబడి ఉంటే, ఆ పిల్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"పాట విన్నానండి. ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ విన్నాను."